ఆపిలు చెట్టును, చలియును: అంబ్రీ రకము మనకు నేర్పు పాఠము

ఆపిలు పండు నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె బజారులలో సంవత్సరము పొడవున దొరకుచున్నది. పండు దొరకు చోట చెట్టేల పెరుగదను ప్రశ్న రైతునకు కలుగుట సహజము. వేడి ప్రదేశములందును కాయునని చెప్పబడు ఆపిలు అంట్లు ఇటీవల మన ప్రాంతమునకు సైతము అమ్మకమునకు వచ్చుచున్నవి. కొందరు పెరటిలో రెండు మొక్కలు నాటి చూచుచుండగా, మఱికొందరు అరయెకరమో, ఎకరమో నాటుటకు ఆలోచించుచున్నారు.

పండ్లతోట ఒక కారు పైరు కాదు. వరి తప్పినచో మఱుసటి కారున దిద్దుకొనవచ్చును. తోట తప్పినచో ఐదాఱు సంవత్సరముల కాలమును, పెట్టుబడియు, ఆ నేలపై రావలసిన ఫలసాయమును కలిసి పోవును. కావున చేయి వేయుటకు ముందే ఈ చెట్టు స్వభావమును తెలిసికొనుట మేలు. అందులకు కాశ్మీరపు పురాతన రకమగు అంబ్రీ ఆపిలు మంచి నిదర్శనము.

అంబ్రీ ఎట్టిది?

మధ్య ఆసియాలోని తియాన్ షాన్ పర్వతసానువులు ఆపిలునకు పుట్టినిల్లు. అచ్చటి అడవులలో దాని మూలజాతి నేటికిని కలదు. మన దేశమున నేడు విరివిగా పండు ఎఱ్ఱని డెలీషస్ మొదలగు రకములు అమెరికానుండి వచ్చినవి. శామ్యూల్ స్టోక్స్ అను నాయన 1916 ప్రాంతమున సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో వానిని ప్రవేశపెట్టెను. అంబ్రీ అట్లు కాక, కాశ్మీరమున చిరకాలమునుండి సాగులో నున్న స్వదేశపు రకము. 1895 లో ప్రకటితమైన వాల్టర్ లారెన్సు గారి కాశ్మీర గ్రంథమున దీని ప్రశంస కలదు.

ఈ పండు తెలుపుమీద ఎఱుపు చారలు గలదై, తీపియు సువాసనయు కలిగి, కొఱికినచో కరకరలాడుచుండును. సెప్టెంబరు చివర మొదలుకొని అక్టోబరు వఱకు పక్వమగును. శీతల గిడ్డంగి లేకయే చలికాలమంతయు నిలువ యుండుట దీని ముఖ్యగుణము. లారీలును, మంచు పెట్టెలును లేని దినములలో దూరదేశములకు ఎగుమతి చేయుటకు ఈ గుణమే ఆధారమై యుండెను.

అయినను అంబ్రీ తోటలు క్రమముగా తగ్గిపోయినవి. కారణములు మూడు. మొదటిది, విత్తనపు పాదుపై అంటుకట్టిన అంబ్రీ చెట్టు ఎనిమిది, పది సంవత్సరములకు గాని చక్కగా కాపునకు రాదు. రెండవది, ఒక యేడు విరగకాచి మఱుసటి యేడు విశ్రమించును. మూడవది, పట్టణపు కొనుగోలుదారులు నిండు ఎఱుపు పండ్లనే కోరిరి. అంబ్రీ గుణము తగ్గినందున గాక, రైతునకు రాబడి ఆలస్యమైనందుననే అది వెనుకబడెను. అచ్చటి శాస్త్రజ్ఞులు దీనిని డెలీషస్ రకములతో సంకరపఱచి లాల్ అంబ్రీ, సునెహరి అను రకములను పుట్టించిరి. పాత రకము నశింపక మిగిలియుండుటచేతనే ఇది సాధ్యమైనది.

చలి యెందులకు?

ఆపిలు చెట్టు ఆకు రాల్చి చలికాలమున నిద్రించును. రాబోవు యేటి పూమొగ్గలు వేసవిలోనే ఏర్పడి, పొలుసులలో మూసికొని యుండును. తగినంత కాలము చల్లదనము తగిలినగాని వాని నిద్ర విడదు. నడిచలికాలమున నాలుగు దినములు ఎండకాసినంతనే చిగిర్చి, వెనుక వచ్చు మంచుకు మాడిపోకుండ చెట్టు తన్ను తాను కాపాడుకొను ఉపాయమిది.

ఈ చల్లదనమును గంటలలో లెక్కింతురు. 7 డిగ్రీల సెంటీగ్రేడు మొదలు దిగువనుండు గంటలను స్థూలముగా కూడుదురు. సామాన్యపు శీతల రకములకు 1000 గంటలు, అంతకు పైనను కావలయును. అనగా నలువది దినములకు పైగా రేయింబవళ్లు నిలిచిన చలితో సమానము. ఇంతటి చలి కాశ్మీరమునకు కొదువ కాదు. అందుచేత అంబ్రీ అచ్చట చలికాలమంతయు నిద్రించి, వసంతమున ఒక్కుమ్మడిగా పూచును. చలి చాలనిచోట మొగ్గలు కొన్ని విచ్చి, కొన్ని విచ్చక, కొమ్మలు బోడిగా మిగులును. పూత నెలల తరబడి చెదరి వచ్చును. కాపు నిలువదు.

మన డెల్టాలో సంక్రాంతి రాత్రులలో సైతము ఉష్ణము 15 డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు. మన లెక్కకు చలి గంటలు సున్న యనియే చెప్పవలెను. కావున అంబ్రీ వంటి శీతల రకము మన నేలపై చెట్టుగా బ్రదికినను పంటగా ఫలింపదు. ఎరువుగాని, నీరుగాని ఈ లోపమును తీర్పజాలవు.

తక్కువ చలి కోరు రకములు

చలి యవసరము తక్కువగా గల రకములు లేకపోలేదు. ఇజ్రాయేలులో పుట్టించిన అన్నా, బహామా దీవులలో దొరకిన డార్సెట్ గోల్డెన్ అట్టివి. హిమాచల ప్రదేశమున బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ గారు రూపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్. 99 మూడవది. ఆయనకు 2025 లో పద్మశ్రీ పురస్కారము లభించెను. అయితే ఆ జిల్లా పల్లపు కొండలలో సైతము చలికాలపు రాత్రులు మన రాత్రులకంటె మిక్కిలి చల్లనివని మఱువరాదు.

మన తెలుగునాటను ప్రయత్నములు జరిగినవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చింతపల్లి, లంబసింగి మన్యమున ఆపిలు మొక్కలు నాటించి పరీక్షించిరి. ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలమున ఒక రైతు పండించిన ఆపిళ్లు 2020 లో ప్రసిద్ధికెక్కినవి. కాని లంబసింగి సుమారు మూడువేల అడుగుల ఎత్తున నున్నది. ఆసిఫాబాదు ప్రాంతమున చలికాలపు రాత్రి ఉష్ణము 10 డిగ్రీలకు దిగుట పరిపాటి. ఆ ఫలితమును సముద్రతీరమునకు ఉన్నదున్నట్లు అన్వయించుకొనరాదు.

జావా దీవిలో మలాంగ్ సమీపపు కొండలపై రైతులు కోత ముగిసిన వెంటనే ఆకులన్నియు చేతితో దూసి, చెట్టును నిద్రపోనీయక మరల పూయించి, యేటికి రెండు కాపులు తీయుచుందురు. అదియు ఎత్తైన చల్లని ప్రదేశమే. మఱియు కూలి వ్యయము అధికము.

మన నేలల సంగతి

చలి యొక్కటియే కాదు. ఆపిలు వేరు నీటి నిలువను సహింపదు. తెనాలి చుట్టునున్న కాలువ క్రింది రేగడలో మొదలు కుళ్లు తెగులు సులభముగా సోకును. రేపల్లె తీరమున ఉప్పు దోషము కలదు. బాపట్ల ఇసుక నేలలలో నీరు ఇంకునుగాని, వేసవి కాక తీవ్రము. మఱియు ఆపిలు చెట్టు తన పుప్పొడితో తాను చక్కగా కాయదు. వేఱొక రకము ప్రక్కన నుండి, రెండును ఒకే కాలమున పూయవలెను.

సభ్యులు చేయదగినది

ముచ్చటకు నాటదలచినవారు తక్కువ చలి కోరు రెండు రకముల మొక్కలు ఒక్కొక్కటి పెరటిలో ఎత్తైన దిబ్బపై నాటి చూడవచ్చును. దాని వ్యయము స్వల్పము. ఎకరముల లెక్కన నాటదలచినవారు మాత్రము అమ్మకపువానిని ఈ ప్రశ్నలు అడుగవలెను: రకము పేరేమి? ఎన్ని గంటల చలి కావలెను? ఏ పాదుపై అంటు కట్టిరి? పుప్పొడి నిచ్చు జతరకమేది? డెల్టా పల్లెలో వరుసగా మూడేండ్లు కాచిన తోట యెక్కడ? కడపటి ప్రశ్నకు తోటను చూపి జవాబు చెప్పలేనివానికి బయానా ఇయ్యరాదు. ఋణము తెచ్చి ఈ తోట వేయుట ఎంతమాత్రము తగదు.

మన నేలకు సరిపడు ఫలవృక్షములు మనకు లేకపోలేదు. తెనాలి నిమ్మకు స్థిరమైన విపణి కలదు. కొల్లిపర, కొల్లూరు లంకలలో అరటి, బాపట్ల ఇసుక నేలలలో జీడిమామిడి సాగులో నున్నవి. బాపట్ల పరిశోధన స్థానము జీడిమామిడిలో బి.పి.పి. 8 వంటి మేలురకముల నిచ్చినది.

అంబ్రీకి పట్టిన గతియే మన అమృతపాణికిని పట్టినది. రుచిలో సాటిలేని ఆ అరటి పనామా ఎండు తెగులునకు లొంగి, కర్పూర చక్కెరకేళికి చోటిచ్చెను. ఎవరి పెరటిలోనైన తెగులు సోకని అమృతపాణి దుబ్బు మిగిలియున్నచో దానిని త్రవ్వివేయక కాపాడుడు. తెగులు సోకిన తోటనుండి మాత్రము పిలక తీయవలదు. కాశ్మీర రైతు అంబ్రీని నిలుపుకొన్నందుననే దానినుండి క్రొత్త రకములు పుట్టినవి. పరదేశపు చెట్టుకై మన నేలను పందెమొడ్డుటకంటె, మన నేల యెఱిగిన చెట్టును నిలుపుకొనుట రైతునకు శ్రేయస్కరము.