మీకు తెలుసా? జేబు చాకు ఎలాంటిది కొనాలి

జంగారెడ్డిగూడెం వైపు ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా, పురికొస కోయాలన్నా మడత చాకు ఎంతో అక్కరకొస్తుంది. మూడంగుళాల బ్లేడు చాలు. కొనేముందు లాకు చూడండి. తెరిచిన బ్లేడు గట్టిగా నిలవకపోతే అది వేళ్ల మీదికే మడుచుకుంటుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు. కొల్లేరు తేమకు, నిమ్మరసానికి మామూలు ఉక్కు తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ మేలు. కోకో కాయను మాత్రం చాకుతో కోయకండి, గింజ తెగితే బూజు పడుతుంది. కర్రతో కొట్టి పగలగొట్టాలి.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటికీ, సేద్యానికీ తయారైనవాటికి మినహాయింపుంది. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు చాకును చేతిసంచిలో ఉంచుకోకండి, చెక్-ఇన్ సామానులో పెట్టండి.