పంద్రాగస్టు నాటి పొలము

ఈ సీమ భారతదేశమున చేరినది 1948 సెప్టెంబరులో. కావున స్వేచ్ఛగ జరుపుకొన్న తొలి పంద్రాగస్టు 1949 నాటిది. నేడు పటాన్‌చెరు కర్మాగారములకును అది సెలవుదినము. షిఫ్టులచే చెదరిన అన్నదమ్ములు జెండావందనము పిమ్మట బిడ్డలతో పొలమునకు పోవలెను.

అప్పుడు చేనిలో జొన్న, కంది సాళ్లు ప్రక్కప్రక్కనే యుండును. జొన్న నాలుగు నెలలకు కోతకు వచ్చును; కంది లోతుగ వేరూని ఇంచుమించు ఆఱు నెలలు నిలుచును. దాని వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిచ్చును. 1972లో పటాన్‌చెరు కడ వెలసిన ఇక్రిశాట్ ఈ రెండు పంటలపైనను పరిశోధించినది.

పెద్దలు గట్టు వెంట నడచి హద్దురాళ్లు చూపవలెను. గట్టెఱుగని బిడ్డకు పొలము ప్లాటుగనే తోచును. అమ్మునప్పుడు చేయి వణకదు.