మందగించిన బేరములు, మారిన పన్ను లెక్కలు

సేలములోనైనను, షోలాపురములోనైనను, బరంపురములోనైనను మన నేతవారు నలుగురు చేరినచోట నూలు ధర తరువాత వచ్చు మాట పన్నును గూర్చియే. పన్ను ఎంత అనునది ఒక ప్రశ్న. దానిని వసూలుచేయు పద్ధతి ఏది అనునది మరొక ప్రశ్న. ఈ రెండవదానిని మనము చాలకాలము పట్టించుకొనలేదు. 2017 తరువాత పట్టించుకొనక తప్పలేదు.

2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినవి. మన వృత్తిలో కూలి వారము వారము రొక్కముగా చేతికందునది. రొక్కము కరవైన ఆ దినములలో మగ్గములు పడుగుతోనే నిలిచిపోవుట మనమందరము చూచినదే. బేరములు కుదుటపడకముందే, 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిపడినది. కేంద్ర ఎక్సైజు, రాష్ట్రముల వ్యాట్, ప్రవేశపన్ను మున్నగునవి ఒక్కటిగా కలిసినవి. సరిహద్దు చెక్‌పోస్టులు ఎత్తివేయబడినవి. పలు రాష్ట్రములలో చెదరియున్న మనకు ఇది మేలే, కాదనము. కాని నూలు చిలపకు 5 శాతము, నేసిన బట్టకు 5 శాతము పన్ను ఏర్పడినది.

అసలు చిక్కు శాతములో కంటె కంప్యూటరులో ఉన్నది. మొదట నెలకు మూడు రిటర్నులని నియమించిరి. యంత్రము ఆ భారము మోయలేకపోగా రెండింటిని వాయిదావేసి, 3బి అను సంగ్రహ పత్రముతో సరిపెట్టిరి. మాకు తెలిసిన ఒక చిన్న మాస్టర్ వీవరు, అమ్మకమే లేనప్పుడు రిటర్ను ఎందుకని నెలల తరబడి ఊరకున్నాడు. అమ్మకము లేకున్నను "లేదు" అని తెలుపవలెనట! తెలుపనిచో దినమునకు 20 రూపాయల ఆలస్య రుసుము. నిలిచిన మగ్గము మీద కూడ రుసుము పెరుగునని ఆయనకెవ్వరును చెప్పలేదు.

2020 మార్చి 25న దేశమంతయు మూతపడినది. 2019 ఏప్రిల్‌లో లక్షా 13 వేల కోట్లు దాటిన ఈ పన్ను రాబడి, 2020 ఏప్రిల్‌లో సుమారు 32 వేల కోట్లకు పడిపోయినది. ఖజానాకింత గండి పడినప్పుడు వసూలు కఠినమగునని భయపడితిమి. పెద్దల విషయములో అట్లే జరిగినది. 500 కోట్లు దాటిన వ్యాపారులు ప్రతి బిల్లును ప్రభుత్వ పోర్టలులో నమోదుచేయవలెనని 2020 అక్టోబరు 1న నియమమయినది. 2023 ఆగస్టు నాటికి ఆ హద్దు 5 కోట్లకు దిగినది. చిన్నవారికి మాత్రము వేరు దారి చూపిరి. "అమ్మకము లేదు" అను రిటర్నును 2020 జూన్ నుండి ఫోను సందేశముతో పంపవచ్చునన్నారు. 2017 జూలై మొదలు 2020 జనవరి వరకు బాకీపడిన ఇట్టి రిటర్నులను 2020 జూలై, సెప్టెంబరుల మధ్య వేసినవారికి రుసుము పూర్తిగా మాఫీ చేసిరి. 2021 జనవరి నుండి 5 కోట్లలోపువారికి మూడు నెలలకొక రిటర్ను చాలునన్నారు. మన మాస్టర్ వీవరు ఆ గడువులోనే గట్టెక్కినాడు. గడువు సంగతి పత్రికలో చదివి చెప్పినది ఆయన కుమార్తె. ఈ సడలింపులు కష్టకాలము వచ్చువరకు ఆగవలసిన పనిలేదని మా అభిప్రాయము.

హద్దుల సంగతి కూడ కొంత చెప్పవలసియున్నది. సరకులమ్మువారికి రిజిస్ట్రేషను హద్దు 2019 ఏప్రిల్ 1న 20 లక్షలనుండి 40 లక్షలకు పెరిగినది. కర్ణాటక, తమిళనాడు, ఒడిషా, మహారాష్ట్రలలోని మనవారికి ఈ మేలు దక్కినది. పుదుచ్చేరి, తెలంగాణములు నాడు దానిని స్వీకరింపలేదు. పుదుచ్చేరి పరిపాలనలోని యానాం సోదరులకు మరియొక చిక్కు: కాకినాడలో చీర అమ్మినను అది అంతర్రాష్ట్ర వ్యాపారమే! అట్టి వ్యాపారమునకు అమ్మకమెంతయైనను రిజిస్ట్రేషను కావలెను. హస్తకళా వస్తువులకు 2017 సెప్టెంబరులో షరతులతో మినహాయింపు ఇచ్చిరి. తమ సరకు ఆ పట్టికలో చేరునో లేదో ఎవరికి వారు చూచుకొనవలెను.

బట్టపై పన్నును 12 శాతము చేయుటకు 2021 నవంబరులో ఉత్తర్వు వెలువడగా, ఆందోళన చెలరేగి, డిసెంబరు 31న దానిని నిలిపివేసిరి. కృత్రిమ నూలుపై 12 శాతము, దానితో నేసిన బట్టపై 5 శాతము అను తలక్రిందుల లెక్క 2025 సెప్టెంబరు 22న నూలు పన్నును 5 శాతమునకు తగ్గించుటతో తొలగినది.

వ్యాపారము మానివేసియు రిజిస్ట్రేషను రద్దు చేయించుకొననివారు మనలో ఉందురు. వారు దరఖాస్తు పెట్టుకొని, రద్దయిన పిదప మూడు నెలలలోపల చివరి రిటర్ను వేయవలెను.