కుక్కల స్వయంప్రతిరక్షక రక్తహీనత: రెండో వైద్యుడి సలహా ఎందుకు, ఎప్పుడు?

ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీరంలో ఒక్కో ఎర్ర రక్తకణం సుమారు 110 నుంచి 120 రోజులు జీవించి, ముసలిదైన తరువాత ప్లీహంలోనూ కాలేయంలోనూ విచ్ఛిన్నమవుతుంది. సూక్ష్మజీవుల నుంచి శరీరాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, ఈ కణాలకే అంటుకున్నప్పుడు భక్షక కణాలు వాటిని వయసుతో నిమిత్తం లేకుండా మింగివేస్తాయి. ఈ విధ్వంసం ఎముక మజ్జ కొత్త కణాలను తయారుచేసే వేగాన్ని మించిపోయినప్పుడు ఏర్పడే స్థితినే స్వయంప్రతిరక్షక రక్తహీనత అంటారు.

చిగుళ్లు తెల్లబడడం, నాలుగడుగులు వేయగానే ఆయాసపడడం, తిండి మానడం, కళ్లు పచ్చబడడం, మూత్రం డికాషన్ రంగుకు మారడం దీని ముఖ్య లక్షణాలు. రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే భాగాన్ని సూచించే పీసీవీ ఆరోగ్యవంతమైన కుక్కలో 37 నుంచి 55 శాతం ఉండగా, ఈ జబ్బులో అది కొద్ది రోజుల్లోనే 20 శాతానికి దిగువకు పడిపోవచ్చు. దీనికి తోడు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం కూడా ఉంటుంది. మరణాల్లో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే సంభవిస్తాయి కనుక, రెండో వైద్యుడి సలహా తీసుకోదలచినవారు ఆ పనిని మొదట్లోనే చేయడం మేలు.

దాడికి వెనుక ఉన్న కారణం

బయటి ప్రేరణ ఏదీ కనిపించకుండా వచ్చే జబ్బును ప్రాథమికమని, ఏదైనా అంటువ్యాధి, కణితి లేదా మందు కారణంగా మొదలయ్యేదాన్ని ద్వితీయమని వైద్యులు విభజిస్తారు. కాకర్ స్పానియల్ వంటి కొన్ని జాతుల్లో ప్రాథమిక రూపం ఎక్కువగా కనిపిస్తుంది. అయితే కుక్కలకు పిడుదులు, అంటే తెలంగాణ పల్లెల్లో గోమార్లు అనేవి, తరచుగా పట్టే వెచ్చని ప్రాంతాల్లో మొదట అనుమానించవలసింది ద్వితీయ రూపాన్నే. పిడుదులు మోసుకువచ్చే జీవుల్లో ఎర్లికియా కానిస్ అనే బాక్టీరియా తెల్ల రక్తకణాల్లో నివసిస్తుంది. బబీసియా జాతి పరాన్నజీవులు నేరుగా ఎర్రకణాల్లోకే చొరబడతాయి. వీటిలో బబీసియా గిబ్సోనీని ప్యాటన్ అనే శాస్త్రవేత్త 1910లో మద్రాసు వేటకుక్కల రక్తంలోనూ, ఆ తరువాత నక్కల రక్తంలోనూ గుర్తించి వర్ణించాడు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ 2019లో ప్రకటించిన నిపుణుల ఏకాభిప్రాయ పత్రం కూడా ఈ రక్తహీనతను రేకెత్తించే అంటువ్యాధుల్లో బలమైన ఆధారాలున్న జీవిగా దీన్నే పేర్కొన్నది.

ఈ తేడాను బట్టి చికిత్స మారిపోతుంది. ప్రాథమిక రూపంలో కిలో బరువుకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో రోగనిరోధక శక్తిని అణచి, గడ్డలు కట్టకుండా క్లోపిడోగ్రెల్ వంటి మందును జోడించి, మెరుగుపడిన కొద్దీ స్టెరాయిడ్‌ను నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. బబీసియా ఉన్న కుక్కకు దానిని గుర్తించకుండా అదే మోతాదు ఇస్తే, పరాన్నజీవిని అదుపులో ఉంచుతున్న రక్షణ బలహీనపడి అది మరింతగా పెరిగే వీలుంటుంది. గిబ్సోనీ రకానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు ఇవ్వడం మేలైన చికిత్స కాగా, వాడుకలో ఉన్న డిమినజీన్ ఇంజెక్షన్ దానిని పూర్తిగా తొలగించలేకపోవచ్చు. మరోవైపు ప్రతి రక్తహీనతనూ పిడుదుల జ్వరంగానే భావించి ఇంజెక్షన్లతో కాలం గడిపితే, ప్రాథమిక జబ్బు ఉన్న కుక్కకు అందవలసిన స్టెరాయిడ్ ఆలస్యమవుతుంది.

రెండో వైద్యుడు చూడవలసినవి

రక్తహీనత కనిపించినంత మాత్రాన ప్రతిరక్షకాలే కారణమని నిర్ధారణ కాదు. రక్తస్రావం జరిగితే సాధారణంగా ఎర్రకణాలతో పాటు రక్తంలోని ప్రొటీన్లూ తగ్గుతాయి, కణాలు లోపలే పగిలితే ప్రొటీన్లు తగ్గకుండా బిలిరుబిన్ పెరుగుతుంది, ఉల్లిపాయ తిన్న కుక్కలోనైతే కణాల అంచుల్లో హైంజ్ దేహాలనే ముద్దలు కనిపిస్తాయి. మధ్యలోని పాలిపోయిన భాగాన్ని కోల్పోయి గోళంలా మారిన స్ఫీరోసైట్లు, సెలైన్‌లో కలిపినా విడిపోని కణాల గుంపులు, కణాలకు అంటిన ప్రతిరక్షకాలను పట్టిచూపే కూంబ్స్ పరీక్ష ఫలితం అనే సాక్ష్యాల్లో కనీసం రెండు, వాటితో పాటు కణాలు పగులుతున్న గుర్తు ఒకటైనా ఉన్నప్పుడు నిర్ధారణ బలపడుతుంది. బబీసియా గిబ్సోనీ చాలా చిన్నది కావడంతో సూక్ష్మదర్శినికి తరచుగా దొరకదు. చెవి కొన నుంచి తీసిన రక్తపు స్మియర్‌లో అది కనబడే అవకాశం పెరుగుతుంది, దాని జన్యుపదార్థాన్ని పట్టుకునే పీసీఆర్ పరీక్ష మరింత నమ్మదగినది.

జనగామ జిల్లాలోని దేవరుప్పుల వంటి మండల కేంద్రంలో స్థానిక పశువైద్యుడు మొదటి చికిత్స ప్రారంభించినా, ఇన్ని పరీక్షలకు వరంగల్ సమీపంలోని మామునూరు పశువైద్య కళాశాలకో, హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ కళాశాలకో వెళ్లవలసి రావచ్చు. ఈ రెండూ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినవి. ప్రయాణానికి ముందే స్థానిక వైద్యుడి చేత, వీలైతే స్టెరాయిడ్ ఇవ్వకముందూ రక్తం ఎక్కించకముందూ, ఊదారంగు మూత గల ఈడీటీఏ ట్యూబులో రక్తం తీయించాలి. దాన్ని చల్లగా, అయితే మంచులా ఘనీభవించకుండా ఉంచి, రెండు మూడు స్మియర్ స్లైడ్లను ఆరబెట్టి, తేదీల వారీ పీసీవీ అంకెలు, ఇచ్చిన మందుల పేర్లు, మోతాదులు, సమయాలు రాయించుకొని తీసుకువెళ్లాలి. ఒకసారి స్టెరాయిడ్ పడ్డాక, లేదా దాత రక్తం కలిశాక, మొదట్లో స్పష్టంగా ఉన్న సాక్ష్యం మసకబారుతుంది. అయితే కుక్క ప్రాణాపాయంలో ఉన్నప్పుడు నమూనా తీసిన వెంటనే చికిత్స మొదలుపెట్టాలి, పరీక్షల కోసం దాన్ని ఆపకూడదు. అప్పటికే కొనసాగుతున్న స్టెరాయిడ్‌ను వైద్యుడు చెప్పకుండా ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే.

చికిత్స మొదలైన వారం తరువాత కూడా పీసీవీ పెరగనప్పుడు, లేదా స్టెరాయిడ్ తగ్గించగానే జబ్బు తిరగబెట్టినప్పుడు మళ్లీ సలహా తీసుకోవడం అవసరం. ఎముక మజ్జలోనే కొత్త కణాలు నశిస్తున్నాయా, దాగి ఉన్న అంటువ్యాధి ఏదైనా ఉందా అన్న ప్రశ్నలు అప్పుడు తిరిగి తెరుచుకుంటాయి. కుక్కను మొదటి రోజున చూసింది స్థానిక వైద్యుడే కనుక, ఆయన పరిశీలనలు అందకపోతే రెండో వైద్యుడు సగం సమాచారంతోనే నిర్ణయించవలసి వస్తుంది. అందువల్ల రెండో సలహా కోరడాన్ని మొదటి వైద్యుడిపై అపనమ్మకంగా చూడక, ఆయన రాసిచ్చిన వివరాలతోనే తొలి రోజుల్లో చేయవలసిన చికిత్సలో భాగంగా యజమానులూ వైద్యులూ అంగీకరించాలి.