నక్షల మన వాడ ఏ రంగు?

2023 జనవరిలో జగిత్యాల రోడ్ల మీద రైతులు కూర్చున్నరు. మునిసిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికొచ్చింది. నర్సింగాపూర్, తిమ్మాపూర్, మోతె వంటి చుట్టుపక్కల ఊర్ల రైతులు తమ పొలాలు వేరే వేరే జోన్ల కింద పోతున్నయని కదిలిన్రు. అదే సమయంలో కామారెడ్డిలోనూ ఇదే గొడవ. అక్కడ ఒక రైతు ప్రాణం తీసుకున్నడు. చివరికి ఆ నెలలోనే రెండు మునిసిపల్ కౌన్సిళ్లూ ముసాయిదాలను రద్దు చేయాలని తీర్మానాలు చేసినయి.

ఆ రోజుల్లోనే జగిత్యాల పక్క ఊర్లో ఉండే మా చిన్నాయిన నన్ను పిలిపించిండు. ఎవరో ఆయన ఫోన్లకు నక్ష పంపిన్రు. "కొడుకా, నువ్వు గిదే చదివినవు గద. మన వాడ ఏ రంగుల ఉన్నదో చెప్పు" అన్నడు. పెద్దగా చేసి వెతికిన. పసుపు రంగుల ఉన్నది. "మరి దొర గడి?" అది కూడా పసుపే. చిన్నాయిన నవ్విండు. "కాయితం మీదనైతే కలిసిపోయినమన్నట్టు."

ప్లానింగ్‌లో నాలుగేండ్ల డిగ్రీ, రెండేండ్ల పీజీ చేసిన నాకు ఆ నవ్వుకు జవాబు దొరకలేదు. ఈ చదువు ఏమిటో, అది ఏం చూపిస్తదో, ఏం దాస్తదో, అయినా మన పిల్లలు దీన్ని ఎందుకు చదవాలో చెప్పడానికే ఇది రాస్తున్న.

మాస్టర్ ప్లాన్ అంటే పట్టణం రాబోయే ఇరవై ఏండ్లలో ఎటు పెరగాలో ముందే గీసి, దానికి చట్టబలం ఇచ్చే నక్ష. మన దగ్గర దీనికి మూలం 1920లో మద్రాసులో చేసిన పట్టణ ప్రణాళిక చట్టం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత అది తెలంగాణకూ వచ్చింది. నక్షలో ప్రతి జాగకూ ఒక రంగు ఉంటది. ఇండ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమకు ఊదా, బడికీ దవాఖానకూ సర్కారు ఆఫీసుకూ ఎరుపు, పార్కుకు ఆకుపచ్చ. మీ చెలక పార్కు జోన్ల పడిందనుకోండి. భూమి మీ పేరు మీదనే ఉంటది, పట్టా పాసుబుక్కు కూడా మీ దగ్గరే ఉంటది. కానీ అక్కడ ఇల్లు కట్టుకుంటనంటే పర్మిషన్ రాదు, అమ్మబోతే కొనేటోడు రాడు. పక్క సర్వే నంబరు కమర్షియల్ జోన్ల పడితే వాని భూమి రాత్రికి రాత్రే బంగారమైతది. ఒక రంగు గీతకు ఇంత బలం ఉన్నది. ఆ గీత గీసే మనిషిని తయారు చేసేదే ఈ డిగ్రీ.

మా అమ్మ బీడీలు చేసేది. నాయిన కూలికి పోయేటోడు. నేను ఈ కోర్సులో చేరింది ఏదో ఆశయంతో అనుకుంటే పొరపాటు. ఇంజనీరింగ్‌లో కోరుకున్న సీటు రాలేదు, ఇది వచ్చింది. ఊర్లో అడిగినోళ్లకు ఏం చదువుతున్నవో చెప్పడం కష్టమయ్యేది. "ప్లానింగా? కుటుంబ నియంత్రణనా?" అని ఒక పెద్దమనిషి నిజంగానే అడిగిండు.

చదువులో గుండెకాయ స్టూడియో. వారంలో ఎక్కువ గంటలు అక్కడే గడుస్తయి. ఒక పట్టణాన్ని ఎంచుకోవాలె, అక్కడికి పోయి ఇల్లిల్లూ సర్వే చేయాలె, బేస్ మ్యాపు గీయాలె, ఇప్పుడున్న భూవినియోగం నింపాలె, జనాభా ఎంత పెరుగుతదో అంచనా కట్టాలె, చివరకు ప్రతిపాదనలు గీసి జ్యూరీ ముందు నిలబడాలె. దానికి తోడు జనాభా శాస్త్రం, ఆర్థికశాస్త్రం, రవాణా, గృహవసతి, చట్టం, జీఐఎస్. కూలోల్ల పిల్లలకు ఇందులో ఒక మేలున్నది, ఒక కీడున్నది. మేలు ఏందంటే సర్వేకు పోయినప్పుడు జనంతో మాట్లాడుడు మనకు వచ్చినంతగా ఇంకెవరికీ రాదు. కీడు ఖర్చు. షీట్లు, ప్రింట్లు, మంచి కంప్యూటరు, ఊర్ల ప్రయాణాలు, ఇవేవీ ఫీజు కాయితంలో కనబడవు. పైగా జ్యూరీ మొత్తం ఇంగ్లీషులోనే.

పాఠాలేమో హోవర్డ్ ఉద్యాన నగరంతో మొదలైతయి, 1898 నాటి పుస్తకం. తర్వాత గెడ్డెస్, ఆ తర్వాత కార్బూజియే, చండీగఢ్. ముఖ్యమంత్రి నుంచి ప్యూను దాకా హోదాను బట్టి ఇండ్లను రకాలుగా విడగొట్టిన ఆ నగరాన్ని ఆధునికత అని చదివినం. మనకు వాడ కట్టినోడు కూడా అదే చేసిండు గదా అని నాకు అప్పుడు తట్టలేదు.

ఒక జ్యూరీలో మాత్రం తట్టింది. ఒక చిన్న పట్టణం నక్షలో నేను పసుపును మూడు ఛాయలుగా వేసిన. ఏ వాడకు నల్లా ఎప్పుడు వచ్చింది, ఏ వాడలో మోరీ ఆగిపోయింది, శ్మశానం ఎవరికి ఎంత దూరం, ఇవన్నీ కులాల వారీగా చూపిచ్చిన. జ్యూరీలో ఒక పెద్దాయన "ల్యాండ్ యూజ్ మ్యాపులోకి కులాన్ని ఎందుకు తెచ్చినవు?" అన్నడు. నేను తేలేదు సార్, అక్కడ ఉన్నదే గీసిన అందామనుకున్న. అప్పుడు నోరు పెగల్లేదు. మార్కులు తగ్గినయి. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరున్నది.

కులం లేని నక్ష తటస్థంగా ఉన్నట్టు కనబడుతది. అసలు సంగతి ఏందో చెప్త. వాడ తక్కువ నేల మీద ఉంటది, ఊరి నీళ్లన్నీ అటే పారుతయి. నక్ష దాన్ని ఒట్టి 'నివాస ప్రాంతం' అంటది. మోరీ బాగా లేదని తేలినప్పుడు అదే చోటు 'మురికివాడ' అయితది. ఎవరు, ఎందుకు అక్కడ పెట్టిన్రనే చరిత్ర రెండు పేర్లలోనూ ఉండదు.

ఇక కోరుట్ల సంగతి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పట్టణాల్లో, చుట్టూ ఉన్న పల్లెల్లో ఆడవాళ్లు ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంటరు. ఇది వేల ఇండ్లలో నడిచే పరిశ్రమ. నక్షలో ఈ పరిశ్రమ ఎక్కడున్నది? ఎక్కడా లేదు, ఎందుకంటే అది ఇల్లు, ఇల్లు పసుపు. పొగాకు ఘాటు అదే అర్రల పండే పిల్లగాని ఛాతీలకు పోతదని ఏ జోనింగ్ నియమమూ పట్టించుకోదు. ఇంకో విడ్డూరం చూడండి. మునిసిపాలిటీ లేని ఊరిని జనగణనలో పట్టణంగా లెక్కించాలంటే మూడు షరతులున్నయి. జనం 5000కు తగ్గొద్దు, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలె, పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది వ్యవసాయం కాని పనిలో ఉండాలె. మగవాళ్లలో మాత్రమే! ఒక ఊర్లో ఆడవాళ్లందరూ బీడీలు చేసినా, ఆ లెక్కలో వాళ్లు లేరు. మా అమ్మ ముప్పై ఏండ్లు చేసిన పని ఊరిని పట్టణం దిక్కు ఒక్క అంగుళం కూడా జరపలేదన్నట్టు.

సిరిసిల్లలో ఇంటి పరిశ్రమకు చప్పుడు ఎక్కువ కాబట్టి కొంచెం నయం, కనీసం వినబడుతది. ఇండ్లల్లో మరమగ్గాలు, మగ్గాల నడుమ సంసారాలు. నేతన్నల ఆత్మహత్యల కాలంలో ఆ ఊరిని 'ఉరిసిల్ల' అన్నరు. ఆ ఊరి ప్లాను గీయాలంటే మగ్గం, ఇల్లు, బాకీ మూడూ ఒకే గదిలో ఉన్నయని ముందు ఒప్పుకోవాలె.

సిరిసిల్ల దగ్గరనే ప్రాంతీయ ప్రణాళిక అనే రెండో సగం అర్థమైతది. డిగ్రీ పేరులో 'పట్టణ' తర్వాత 'ప్రాంతీయ' అని ఉంటది, దాన్ని చాలామంది మింగేస్తరు. పట్టణం గాలిలో పెరగదు. దానికి నీళ్లు, ఇసుక, కూలీలు ఎక్కడినుంచో రావాలె. మధ్య మానేరు జలాశయం కింద ఊర్లు మునిగినయి. మానేరు ఇసుక లారీలకెక్కి నగరానికి పోయింది. 2017 జులైలో తంగళ్లపల్లి మండలం నేరెళ్లలో ఇసుక లారీ ఢీకొని ఒక మనిషి చనిపోతే జనం లారీలు తగలబెట్టిన్రు. ఆ తర్వాత పోలీసులు తమను పట్టుకపోయి చిత్రహింసలు పెట్టిన్రని బాధితులు చెప్పిన్రు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. నగరంలో లేచిన అపార్ట్‌మెంటుకూ నేరెళ్ల వాడలో విరిగిన ఒంటికీ మధ్య దారి గీయడమే ప్రాంతీయ ప్రణాళిక. మన పాఠంలో దాన్ని 'వనరుల ప్రవాహం' అన్నరు. ఇంకో మాట. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించినప్పుడు సర్కారు ఈ రెండు పేర్లనూ ఒకే కాయితం మీద పెట్టింది. మా ప్రాంతాన్ని ఒక 'ప్రాంతం'గా చూసిన ప్లానరు పోలీసే అనిపిస్తది.

మళ్లీ జగిత్యాల గొడవకు వస్త. రైతుల పోరాటం న్యాయమైనదే, దాంట్లో నాకు అనుమానం లేదు. కానీ అక్కడ మాట్లాడింది సర్వే నంబరు ఉన్నోళ్లు. ముసాయిదా మీద అభ్యంతరాలన్నీ సర్వే నంబరు చుట్టే తిరుగుతయి. ఆ పొలంలో నాటు వేసే కూలి మనిషి, కౌలుదారు ఏ నంబరు రాయాలె? మన దగ్గర ఉన్న కొద్దిపాటి భూమి కూడా చాలావరకు అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కొనరాదు. మనల్ని కాపాడటానికే ఆ చట్టం వచ్చింది. కానీ పట్టణం పెరిగి డంపింగ్ యార్డుకో, ఆఫీసుకో, కాలనీకో జాగ కావాల్సి వచ్చినప్పుడు ప్లానరు చూపు ముందుగా 'ప్రభుత్వ భూమి' అని రాసి ఉన్న దాని మీదనే పడుతది. నక్షలో అది ఖాళీగా కనబడుతది. మూడు తరాలు దున్నిన మనిషి కనబడడు. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చి చెప్పింది. ఈ ఒక్క తీర్పు సంగతి వాడవాడకూ తెలిసి ఉండాలె. నేను చదివిన ప్రణాళికా చట్టాల పేపరులో ఇది లేదు, నేనే వెతుక్కున్న.

పాఠంలో లేని మరో ప్లానరు అంబేడ్కర్. 1942 జులైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత షెడ్యూల్డ్ కులాల మహాసభ, హిందూ ఊర్లకు దూరంగా దళితులకు వేరే గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో రాజ్యాంగ సభకు ఇచ్చిన విజ్ఞాపనలో ఆయన దానికోసం ప్రత్యేకంగా సెటిల్‌మెంట్ కమిషన్ అడిగిండు, సాగులో లేని సర్కారు భూములు దానికి అప్పజెప్పాలన్నడు. ఇది శుద్ధమైన ప్రాంతీయ ప్రణాళిక. ఎవరి భూమి, ఎక్కడ, ఏ సంస్థ ద్వారా అనే మూడు ప్రశ్నలకూ అందులో జవాబున్నది. 1985లో కారంచేడు మారణకాండ తర్వాత అక్కడి మాదిగలు చీరాలకు వచ్చి విజయనగర్ కాలనీ కట్టుకున్నప్పుడు ఆ ఆలోచనే నెత్తురుతో మళ్లీ ముందుకొచ్చింది. హోవర్డ్‌కు ఒక సెమిస్టరు ఇచ్చిన సిలబసు దీనికి ఒక గంటైనా ఇవ్వాలని అడగడం ఎక్కువ కాదు.

ఇదంతా చదివి, అట్లయితే ఈ చదువు మనకెందుకని కొందరు విద్యార్థులు నన్ను అడిగిన్రు. ఎందుకంటే మనం లేకపోయినా ఆ గీత పడుతది. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం దేశంలోని 7933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. రాష్ట్రాల శాఖల్లో 12 వేలకు పైగా టౌన్ ప్లానర్లు అవసరం. మంజూరైన పోస్టులు 4 వేల లోపే, వాటిలో సగం ఖాళీ. రేపు ఈ నక్షలన్నీ ఎవరో గీస్తరు. ఎక్కడో కూర్చున్న కన్సల్టెన్సీ ఉపగ్రహ చిత్రం చూసి గీస్తది. ఉపగ్రహానికి వాడ కప్పు కనబడుతది గానీ వాడ కనబడదు.

చేరే దారులు చెప్త, టీచర్లు గుర్తు పెట్టుకుంటే మంచిది. ఇంటర్‌లో గణితం ఉన్నోళ్లకు నాలుగేండ్ల బి.ప్లానింగ్ ఉన్నది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ప్లానింగ్ కోర్సు ఉన్నది. విజయవాడలో 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కేంద్ర సంస్థ. ఢిల్లీ, భోపాల్‌లోనూ అట్లాంటివే ఉన్నయి. ఎం.ప్లానింగ్ రెండేండ్లు. దీనికి సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లే అర్హులని అనుకుంటరు. చాలాచోట్ల ఎంఏ భూగోళం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం చేసినోళ్లను కూడా తీసుకుంటరు. మన పిల్లలు ఎక్కువగా ఉండేది ఆ ఎంఏల్లోనే, ఈ సంగతి తెలిసినోళ్లు మాత్రం తక్కువ. సివిల్ డిప్లొమా ఉన్నోళ్లకు టౌన్ ప్లానింగ్ అండ్ బిల్డింగ్ ఓవర్సీర్ ఉద్యోగం ఉన్నది. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 175 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఇంటి పర్మిషన్ కోసం మనోళ్లు మునిసిపాలిటీలో మొదట నిలబడేది ఆ కుర్చీ ముందరనే.

చిన్నాయిన బిడ్డ గురుకులంలో ఇంటర్ ఎంపీసీ చదువుతుండె. ఆ నక్ష చూసిన రోజు రాత్రి, ఈ రంగులు వేసే చదువుకు ఏ పరీక్ష రాయాలె అన్నా అని అడిగింది. కేంద్ర సంస్థలకైతే జేఈఈ మెయిన్‌లో పేపర్ రెండు-బి రాయాలె. గణితం, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలు ఉంటయి, బొమ్మల పరీక్ష ఉండదు. ఇంజనీరింగ్ పేపరుకు దరఖాస్తు పెట్టేటప్పుడే దీన్ని వేరుగా ఎంచుకోవాలె. ఆ గడి నింపకపోతే ఆ పరీక్షకు హాల్ టికెట్టే రాదు. వాళ్ల కాలేజీలో ఆ గడి సంగతి ఎవరికీ తెలియదట. ఇద్దరం కూర్చుని ఆమె దరఖాస్తులో ఆ గడి నింపినం.