కువైట్ రిగ్గై ఫ్లాట్‌లో న్యూట్ గుడ్లు

మా హాల్లో ఏసీ గాలి నేరుగా తగిలే మూలన గాజుతొట్టిలో ఉండేది చేపా కాదు, బల్లీ కాదు. న్యూట్ అంటారు దీన్ని, కప్పలకు దగ్గరి చుట్టం. వీపు నలుపు, పొట్ట నిప్పు రంగు, పొడవు నా చూపుడువేలంత. పుట్టిల్లు తూర్పు చైనాలోని చెరువులూ వరిమళ్లూ. కాంట్రాక్టు ముగిసి మనీలా వెళ్లిపోతూ పక్క ఫ్లాట్ నర్సమ్మ, "మీరు జువాలజీ చెప్పేవారట కదా మేడమ్" అని తొట్టితో సహా నాకు అంటగట్టింది. రాజంపేటలో ఉభయచరాల పాఠం చెప్పినన్నాళ్లూ నేను చూసినవన్నీ ఫార్మలిన్ సీసాల్లోవే. మన తెలుగు రాష్ట్రాల్లో న్యూట్లు లేవు. మన దేశంలో వీటి బంధువు డార్జిలింగ్ వైపు కొండల్లో ఉంది, దాన్ని పట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

చల్లటి నీటి జీవిని పెంచడానికి కువైట్ కన్నా కాని చోటు ఉండదు. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. న్యూట్‌కి 16 నుంచి 20 హాయి. 25 దాటి అలాగే ఉంటే తిండి మానేస్తుంది, ఒంటికి బూజు పడుతుంది. ఎండాకాలం మా కుళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్లే వస్తాయి. అవి సముద్రపు నీళ్లను శుద్ధి చేసి క్లోరిన్ కలిపినవి. అందుకని ముందురోజే బకెట్లో పట్టి, క్లోరిన్ విరిచే మందు వేసి, ఏసీ గదిలో ఉంచుతాను. తొట్టి మీద చిన్న ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. గాలి పొడిగా ఉన్నన్నాళ్లు నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. ఆగస్టులో ఉక్క మొదలైతే ఫ్యాన్ పప్పులుడకవు, ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు తొట్టిలో తేలవేయాల్సిందే.

చలికాలం మాత్రం దానిదే. జనవరి రాత్రుళ్లు బయట పది డిగ్రీల లోపుకి పోతుంది, కిటికీ కాస్త తెరిచి ఉంచితే తొట్టి నీళ్లూ బాగా చల్లబడతాయి. కొన్ని వారాలు అలా చల్లగా ఉండి, ఫిబ్రవరిలో నీళ్లు మెల్లగా వెచ్చబడేసరికి దానికి జత రుతువు వస్తుంది. గుర్తులు తోక మొదట్లో చూడాలి. మగదానికి అక్కడ గుండ్రంగా ఉబ్బుతుంది. ఆడదానికి అంత ఉబ్బు ఉండదు, పొట్ట మాత్రం పక్కలకు నిండుగా లావెక్కుతుంది. మగది ఆడదాని ముక్కు ముందు నిలబడి తోక మడిచి వణికిస్తూ తన వాసనను నీళ్లలో దానివైపు తోస్తుంది. జపాన్ జాతిలో ఆ వాసన సరుకేమిటో 1995లో శాస్త్రవేత్తలు తేల్చారు, సోడెఫ్రిన్ అనే చిన్న ప్రోటీన్ ముక్క. ఆడది ఒప్పుకుంటే మగది తొట్టి అడుగున బీజపు మూట వదులుతుంది, ఆడది దాని మీదుగా నడిచి లోపలికి తీసుకుంటుంది.

మా ఇంట్లో ఉన్నది ఒంటరి ఆడది. అయినా మార్చిలో గుడ్లు పెట్టింది. "మగది లేకుండా ఎలాగమ్మా?" అని మా వాడు తెల్లబోయాడు. ఆడ న్యూట్ ఆ బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు. 1994లో కొలంబియా వ్యోమనౌకలో జపాన్ న్యూట్లు గుడ్లు పెట్టింది కూడా దాచుకున్న బీజంతోనే. కాబట్టి ఒక్కటే ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

గుడ్లు పెట్టే తీరు చూడాల్సిందే. కప్పలా గుత్తిగా వదలదు. ఎలోడియా అనే నీటిమొక్క ఆకును ముందు ముక్కుతో వాసన చూస్తుంది. తర్వాత వెనక కాళ్లతో మడిచి పట్టి, ఒకే ఒక్క గుడ్డు అందులో పెట్టి, జిగురు అంటుకునేదాకా అదిమి కూర్చుంటుంది. ఆకు విప్పి చూస్తే నానిన సగ్గుబియ్యం గింజలా ఉంటుంది, నడుమ గోధుమరంగు చుక్క. ఇలా వారాల తరబడి వందకు పైగా పెట్టగలదు. అంత ఓపికా పడ్డ తల్లే కాసేపయ్యాక వాటిని తినేస్తుంది. పిల్లలు కావాలనుకుంటే ఆకుతో సహా తీసి వేరే డబ్బాలో పెట్టాలి.

రెండు మూడు వారాల్లో పొదుగుతాయి. మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలు, ముందు కాళ్లే మొదట రావడం (కప్పపిల్లకు వెనకవి ముందు) చూడముచ్చటే. తిండి పెట్టడమే నరకం. కదిలేదే తింటాయి. రోజూ ఉప్పునీళ్లలో ఆర్టీమియా అనే చిట్టి రొయ్యల గుడ్లు పొదిగించి, కడిగి వేయాలి. మూడు నాలుగు నెలలకు మొప్పలు పోయి గట్టెక్కుతాయి, అంటే సరిగ్గా జులై వేడిలో! ఆ తర్వాత ఏడాది రెండేళ్లు తేమ నేల మీదే బతుకు.

నేను ఆకులు విప్పి మూడు గుడ్లు ఉంచుకున్నాను, మిగతావి పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఫ్రీజర్లో పెట్టేశాను. పాపం అన్నవాళ్లున్నారు. వంద పిల్లల్ని వేడికి చంపుకోవడం కన్నా ఇదే నయమని నా లెక్క.

న్యూట్ చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, చేపలతో కలిపి ఉంచకూడదు. తొట్టి నీళ్లు బయట కాలువలో పోయకండి, పెంచలేనని బయట వదలకండి. ఆసియా న్యూట్ల వ్యాపారంతో యూరప్ చేరిన ఒక బూజు నెదర్లాండ్స్‌లో వీటి బంధువులైన సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టింది. ఆ భయంతోనే 2016లో అమెరికా 201 జాతుల దిగుమతి ఆపేసింది.

పిల్లలు ముచ్చటపడ్డారని కొనబోయేవాళ్లు ముందు ఒక పని చేయండి. జులైలో మీ హాల్లో బకెట్ నీళ్లు ఒక రోజంతా ఉంచి, మధ్యాహ్నం థర్మామీటరు ముంచండి. 22 దాటితే కొనకండి.