వేడెక్కుతున్న వాగులు, చల్లని నీటి కప్ప

ఉభయచరాలకు తమ దేహంలో వేడిని పుట్టించి నిలుపుకొనే శక్తి లేదు కనుక, నీటిలో ఉన్నంతసేపూ ఆ నీటి ఉష్ణోగ్రతే దాదాపుగా వాటి శరీర ఉష్ణోగ్రత అవుతుంది. శ్వాస, జీర్ణక్రియ, ఎదుగుదల అన్నీ దానిని అనుసరించే నడుస్తాయి. ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలో, ఉత్తర కాలిఫోర్నియా నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వరకు, దట్టమైన అడవి నీడలో వడిగా పారే కొండవాగులను ఆశ్రయించి బతికే ఆస్కాఫస్ ట్రూయీ అనే కప్ప, నీటి వేడిమి విషయంలో అత్యంత సున్నితమైన ఉభయచరాలలో ఒకటి.

ఈ కప్ప శరీర నిర్మాణమంతా వడినీటికి అనువుగా రూపొందింది. మగకప్పకు తోకలా కనిపించే అవయవం, వీర్యం ప్రవాహంలో కొట్టుకుపోకుండా ఆడకప్ప దేహంలోనే ఫలదీకరణ జరిగేందుకు తోడ్పడుతుంది. టాడ్‌పోల్, అంటే కప్ప డింభకం, వెడల్పయిన నోటితో రాతిని గట్టిగా పట్టుకుని, దానిపై పెరిగే నాచును గీకి తింటూ, ప్రాంతాన్నిబట్టి ఒకటి నుంచి నాలుగేళ్లు వాగులోనే గడిపిన తరువాత గాని కప్పగా మారదు.

నీటిని క్రమంగా వేడిచేస్తూ పోయినప్పుడు, వెల్లకిలా పడిన జంతువు తిరిగి లేవలేని స్థితికి చేరే ఉష్ణోగ్రతను శాస్త్రజ్ఞులు గరిష్ఠ తాపసహన పరిమితిగా పరిగణిస్తారు. పెద్ద ఆస్కాఫస్ కప్పలకు అది సుమారు 28 డిగ్రీల సెల్సియస్ కాబట్టి, 16 డిగ్రీల వాగు 19 డిగ్రీలకు చేరినా ముప్పు లేదని తోచవచ్చు. కానీ గుడ్డులోని పిండం సవ్యంగా ఎదగాలంటే నీరు 5 నుంచి 18.5 డిగ్రీల మధ్యే ఉండాలి. పైగా రాళ్ల అడుగున ఈ కప్ప గుడ్లు పెట్టేది వాగులు బాగా వేడెక్కే నడివేసవిలోనే. అందువల్ల జాతి మనుగడకు కొలమానం పెద్దకప్ప ఓర్పు కాదు, గుడ్డు ఓర్చుకోగల వేడి.

ప్రాణాంతక పరిమితికి చాలా ముందే మరో ఒత్తిడి మొదలవుతుంది. సముద్రమట్టం వద్ద 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 20 డిగ్రీల వద్ద అది 9.1 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. అదే సమయంలో జీవక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. రాబడి తగ్గుతుండగా ఖర్చు పెరిగే సంసారం లాంటి ఈ స్థితి, ఊపిరితిత్తులు బాగా కుదించుకుపోయి, శ్వాసకు ప్రధానంగా చర్మంపై ఆధారపడే ఈ జాతికి మరింత కష్టం.

భూగర్భజలం ఊరే చల్లని చోట్లకు, రాళ్ల సందుల్లోకి, వాగు ఎగువకు చేరి ఈ జీవులు కొంతవరకు తప్పించుకోగలవు. అయితే చెట్లు నరికిన చోట ఎండ నేరుగా నీటిపై పడుతుంది, కొండదారుల నుంచి కొట్టుకువచ్చిన ఒండ్రు రాళ్ల సందులను పూడ్చేస్తుంది, ఎగువకు వెళ్లేకొద్దీ వాగే సన్నబడి అంతమవుతుంది.

భూతాపాన్ని అదుపు చేయడం దేశాలన్నీ కలిసి సాధించవలసిన పని. వాగు ఒడ్డున చెట్లను నిలపడం మాత్రం అక్కడి అటవీ యాజమాన్యం నేడే చేయగలిగినది. చేపలు లేవన్న కారణంతో చిన్న వాగులకు తక్కువ రక్షణ కల్పించే పద్ధతిని విడనాడి, వాటి గట్ల వెంట అడవిని కాపాడటమే ఈ ప్రాచీన జాతికి అందించగల తక్షణ సహాయం.